మొలతాడుకు కట్టిన తాళంచెవి

2008. ఖతార్ ఉత్తరపు కొసన, అల్ రువైస్ వెళ్లే రోడ్డు పక్కన మా కంపెనీ క్యాంపు ఉండేది. చమురు ధర రోజుకో మెట్టు ఎక్కుతున్న ఏడాది అది. ఎటు చూసినా క్రేన్లే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపుల నుంచి నెలనెలా కొత్త మనుషులు బస్సుల్లో దిగేవారు. వాళ్ల కోసం రేకుల గదులు వరుసలు వరుసలుగా లేచేవి. నేను ఆ క్యాంపులో సేఫ్టీ అసిస్టెంట్‌ని. ఊరు నిర్మల్. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాణ్ణి కాబట్టి పై ఆఫీసు మాట కూలీలకూ, కూలీల మాట పై ఆఫీసుకూ చేరవేసే పని కూడా నా నెత్తినే పడింది. అందరూ ఖాదర్ భాయ్ అని పిలిచేవారు.

ఈ ఉద్యోగం తెలియని వాళ్లకు రెండు మాటలు. పని మొదలయ్యే ముందు కూలీలను పది నిమిషాలు నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. అది నా పని. వారానికోసారి క్యాంపంతా తిరిగి, ఒక కాగితం మీది గళ్లలో టిక్కులు పెట్టి సంతకం చేయాలి. దాన్ని చెక్‌లిస్ట్ అంటారు. అదీ నా పనే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కాగితాలు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ముందు నా మీద, తర్వాత మిగతావాళ్ల మీద.

సి బ్లాకు మొత్తం మనవాళ్లే. రెండంతస్తుల బ్లాకు. ముందు ఒక తలుపు, దాని పక్కన మెట్లు. వెనక ఇంకో తలుపు, దాని పక్కనా మెట్లు. వెనక తలుపు మీద పరుగెత్తే మనిషి బొమ్మతో పచ్చ బోర్డు ఉండేది. మంటలు లేస్తే బయటపడాల్సిన దారి అది, ఎమర్జెన్సీ ఎగ్జిట్. మామూలు రోజుల్లో మాత్రం బట్టలు ఆరేసుకోవడానికీ, సిగరెట్టు కాల్చుకోవడానికీ అటే పోయేవారు. మళ్లీ మళ్లీ తెరవలేక ఎవరో ఒకరు ఇటుక అడ్డం పెట్టి వదిలేసేవారు.

ఆ ఇటుక పుణ్యమా అని దొంగతనాలు మొదలయ్యాయి. మనుషులు డ్యూటీకి పోయిన వేళ గదుల్లో ఫోన్లు, గడియారాలు మాయమయ్యేవి. లింబాద్రి అని ఆర్మూర్ వైపు మనిషి, షట్టరింగ్ కార్పెంటరు, కాంక్రీటు పోసే ముందు చెక్కలు బిగించే పని. సెలవు మీద ఇంటికి పోదామని ఏడాదంతా ఒక్కొక్కటీ కొని దాచుకున్నాడు. దుప్పట్లు, సెంటు సీసాలు, బిడ్డకు నీళ్ల సీసా, తల్లికి టార్చిలైటు. అవన్నీ సూట్‌కేసుతో సహా పోయాయి. ఆ రోజు అతను అన్నం తినలేదు, మంచం కింద సూట్‌కేసు ఉండిన చోటికే చూస్తూ కూర్చున్నాడు.

పై ఆఫీసు ఏం చేసింది? దొంగతనాల నివారణ వారోత్సవం అని పెట్టి పోస్టర్లు పంపింది. నున్నటి కాగితం, నల్ల ముసుగేసుకున్న దొంగ బొమ్మ, కింద ఇంగ్లీషులోనూ అరబీలోనూ నాలుగు వాక్యాలు. మీ వస్తువులకు మీరే బాధ్యులు అని వాటి సారాంశం. వాటిని ఎక్కడ అంటించారో తెలుసా? ఆఫీసు వరండాలో. కూలీ అడుగుపెడితే కసురుకునే చోట. ఫోటోలు తీసి పైకి పంపారు, అవగాహన కల్పించినట్టు రికార్డయింది. నేను అట్టముక్కల మీద తెలుగులో రాసి సి బ్లాకు తలుపులకు కట్టాను. నేను చేసిన పనుల్లో అదొక్కటే తిన్నగా చేశాననిపిస్తుంది.

శుక్రవారం భోజనాలయ్యాక మెస్సులో అందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టాను. పోస్టరు పట్టుకుని చెప్పబోతుంటే లింబాద్రి లేచాడు.

"బొమ్మలు మాకెందుకు భాయ్? ఆ ఎనక తలుపుకు తాళమెయ్యుండ్రి. దొంగ ఆడికెల్లే వస్తుండు."

"అది మంటలొస్తె బయటికి పోయే తలుపు లింబన్నా. తాళమెయ్యొద్దు."

"మంటలొచ్చిన నాడు సూద్దాం. దొంగైతే రోజొస్తుండు."

మెస్సంతా అవునవునంది. వాళ్లను నేను ఇప్పటికీ తప్పు పట్టను. పోయినవాడికి పోయినదే కనబడుతుంది. రాని మంట గురించి ఆలోచించడానికే కదా కంపెనీ నన్ను పెట్టుకున్నది.

ఉపాయం మాత్రం నాకు తెలుసు. పానిక్ బార్ అని ఒకటుంది. తలుపుకు లోపలి వైపు నడుమెత్తులో అడ్డంగా బిగించే కడ్డీ. లోపలివాడు దాని మీద పడి తోస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. తాళంచెవి అక్కర్లేదు. బయటివాడు ఎంత గుంజినా రాదు. దొంగ లోపలికి రాలేడు, మనిషి లోపల చిక్కుకోడు. ఆ రాత్రే కూర్చుని కార్బన్ పెట్టి రిక్వెస్ట్ రాశాను. ఎగ్జిట్‌కు తాళం వేస్తే ప్రమాదమని, మూడు బ్లాకులకు మూడు పానిక్ బార్లు కావాలని.

క్యాంప్ మేనేజర్ దాన్ని నిలబడే చదివాడు. ఆయన పేరూ దేశమూ చెప్పను, అలాంటి వాళ్లకు ఏ దేశంలోనూ కొదవ లేదు. హిందీలో అన్నాడు: "ఖాదర్, ఇది టెంపరరీ క్యాంపు. ఏడాదిలో ఖలాస్. దీనికి హోటల్ తలుపులు కావాలా? ఒక తాళంకప్ప చాలు."

"సార్, ఎగ్జిట్‌కు తాళం వేయకూడదు."

"వాచ్‌మన్ ఉన్నాడుగా. చాబీ వాడి దగ్గర ఉంటుంది. మాఫీ ముష్కిల్."

ఏ ఇబ్బందీ లేదన్నమాట. ఎర్ర పెన్నుతో అక్కర్లేదు అని రాసి కాగితం నా చేతిలో పెట్టాడు. కనీసం రెండో తాళంచెవి తలుపు పక్కనే అద్దం పెట్టెలో ఉంచండి, అవసరమైతే అద్దం పగలగొట్టి తీసుకుంటారు అన్నాను. వచ్చే నెల చూద్దాం అన్నాడు. సాయంత్రానికి వెనక తలుపుకు బయటి వైపు ఇత్తడి తాళంకప్ప పడింది. కింది అంతస్తు కిటికీలకు ఇనుప చువ్వలు కూడా బిగించారు. క్యాంపంతా సంతోషించింది.

వాచ్‌మన్ గంగారాం. జగిత్యాల దగ్గరి మనిషి, యాభై దాటాయి. పదేళ్లు స్కాఫోల్డింగ్ మీద, అంటే ఎత్తు పరంజాల మీద, పనిచేసి మోకాలు పాడైతే ఈ డ్యూటీ ఇచ్చారు. మేం గంగన్న అనేవాళ్లం. తాళంచెవి ఇచ్చేటప్పుడు మేనేజర్ అతనికి ఒకే మాట చెప్పాడు, చాబీ ఎవరికీ ఇవ్వకు, అది పోతే నువ్వూ పోతావు అని. ఆ మాట గంగన్న మనసులో గట్టిగా నాటుకుంది. రెండు రోజుల తర్వాత బాత్రూముల దగ్గర చూస్తే, ఒంటి మీద నీళ్లు పోసుకుంటున్నాడు, నడుముకు తాళంచెవి మెరుస్తోంది. మొలతాడుకు ముడేసుకున్నాడు.

"ఇదేంది గంగన్నా, స్నానంకాడ కూడ తియ్యవా?"

"మొలతాడు తీస్తమా భాయ్? ఇదీ గంతే. జేబుల ఉంటె అంగీతోని పోతది. గోడకు తగిలిస్తె ఎవడన్న కొండవోతడు. నడుముకుంటె నేనున్న కాడనే ఉంటది."

నేను నవ్వి, షాబాష్ అని భుజం తట్టి వచ్చేశాను. సేఫ్టీ కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవాణ్ణి. అతనున్న చోటే తాళంచెవి ఉంటే, అతను లేని చోట ఏముంటుందని నా బుర్రకు తట్టలేదు. మన ఊళ్లలో మగవాళ్లు ఇనప్పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటారు. అది జాగ్రత్తకు గుర్తు. అందుకే చూసి మెచ్చుకున్నాను. ఇనప్పెట్టెలో మనుషులుండరన్న సంగతి మరిచాను.

దొంగతనాలు ఆగిపోయాయి. ఒక్క చెప్పుల జత కూడా పోలేదు. నోటీసు బోర్డు మీద గంగన్న ఫోటో పెట్టారు, ఈ నెల ఉత్తమ వాచ్‌మన్ అని. అతను రోజూ అటుగా వెళ్తూ ఒకసారి చూసుకునేవాడు. నేను ప్రతి గురువారం చెక్‌లిస్ట్ పట్టుకుని ఆ తలుపు దగ్గరికి పోయేవాణ్ణి. ఎగ్జిట్ ముందు సామాను అడ్డం ఉందా? లేదు, టిక్కు. పచ్చ బోర్డు వెలుగుతోందా? వెలుగుతోంది, టిక్కు. దారి శుభ్రంగా ఉందా? ఉంది, టిక్కు. తలుపు తెరుచుకుంటుందా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. లేని గడిని నేను గీయలేదు. అలా తొమ్మిది వారాలు సంతకం పెట్టాను.

ఒక శుక్రవారం పొద్దున పదిన్నర. సైటు స్టోరు దగ్గరి వాచ్‌మన్ రాలేదని, ఒక గంట అక్కడ నిలబడమని మేనేజర్ గంగన్నను పికప్‌లో పంపాడు. నేను మెస్సు ముందు టీ తాగుతున్నాను. బండిలోంచి గంగన్న చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. తాళంచెవి అతని నడుము మీద బయటికి పోతోందని నాకు అనిపించనే లేదు.

ఇరవై నిమిషాలు కాలేదు, సి బ్లాకు ముందు తలుపు దగ్గర గోడకున్న కరెంటు బోర్డు పేలింది. అన్ని ఏసీలకూ అదే బోర్డు. మంట చిన్నదే, పొగ మాత్రం నల్లగా, ముద్దలుగా లోపలికి తిరిగింది. సెలవు రోజు కాబట్టి నిద్రలో ఉన్నవాళ్లు, వంట చేసుకుంటున్నవాళ్లు కలిపి పాతికమంది దాకా లోపలే ఉన్నారు. ముందు దారి మూసుకుపోయింది. నేను నేర్పినట్టే అందరూ వెనక మెట్లు దిగి ఎగ్జిట్ దగ్గరికి వచ్చారు. పచ్చ బోర్డు బ్రహ్మాండంగా వెలుగుతోంది.

నేను బయటి నుంచి తలుపు దగ్గరికి చేరేసరికి లోపల నుంచి అరచేతులతో బాదుతున్నారు. "తాళం తియ్యుండ్రి. గంగన్న ఏడున్నడు? తాళం తియ్యుండ్రి." ఎవరో ఇనుప చువ్వ తెచ్చారు, అది వంగిపోయింది. పైపుల గుంట తవ్వుతున్న చోటి నుంచి గడ్డపార రావాలి. అది వచ్చే దాకా నేను చేసిన పని, ఆ తలుపుకు ఇటువైపు చెయ్యి ఆనించి నిలబడడం. ఆ దెబ్బలు నా అరచేతికి తగులుతూనే ఉన్నాయి. లోపల దగ్గులు ఎక్కువయ్యాయి, దెబ్బలు తగ్గాయి.

లింబాద్రి ఆగలేకపోయాడు. మళ్లీ మెట్లెక్కి పై అంతస్తు కిటికీ తన్ని దూకాడు. కింద గట్టి నేల. రెండు మడమలూ పగిలాయి. అతను పడిన కాసేపటికే గడ్డపారతో తాళం ఊడింది. మనుషులు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వచ్చారు. ప్రాణం ఎవరికీ పోలేదు. అది మా గొప్ప కాదు.

అప్పుడు వచ్చాడు గంగన్న. సైటు నుంచి పొగ చూసి, బండి కోసం ఆగకుండా ఆ మోకాలితోనే పరుగెత్తుకొచ్చాడు. ప్యాంటు బొత్తాం ఊడి ఉంది, తెగిన మొలతాడు పిడికిట్లో వేలాడుతోంది. నేరుగా తలుపు దగ్గరికి పోయి, తాళం కోసం తడిమాడు. అది గొళ్లెంతో సహా ఊడి నేల మీద పడి ఉంది. వంగి దాన్ని తీసుకుని తాళంచెవి దూర్చి తిప్పాడు. అది తెరుచుకుంది.

"తాళం వస్తుంది భాయ్," అన్నాడు నాకు చూపించి. "మంచిగనే వస్తుంది."

ఇక అసలు రోత మొదలైంది. మూడో రోజు మేనేజర్ నన్ను పిలిచి టైపు చేసిన కాగితం ఇచ్చాడు. గంగారాం వాంగ్మూలమట. ఇంగ్లీషులో ఉంది. ఎవరికీ చెప్పకుండా డ్యూటీ వదిలి, తాళంచెవి వెంట తీసుకుని, సొంత పని మీద బయటికి వెళ్లాను, జరిగినదానికి నేనే బాధ్యుణ్ణి. కింద సంతకానికి చోటు. పోలీసుల విచారణకు ఆ కాగితమే పోతుంది. ఒక మనిషి కాళ్లు పోవడానికి కారకుడని తేలితే గంగన్నకు జైలు. ఆ తర్వాత క్యాన్సిల్, అంటే వీసా కొట్టేసి ఇంటికి పంపడం.

"పంపింది మీరే కదా సార్," అన్నాను.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"నీ వీసా కూడా ఈ కంపెనీదే, ఖాదర్. వెళ్లి సంతకం పెట్టించుకురా."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కాగితం పట్టుకుని గంగన్న గదికి పోయాను. దారిలో కోపం లేదు, భయమే ఉంది. గంగన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. నోటీసు బోర్డు మీది అతని ఫోటో అప్పటికే పీకేశారు. నేను కాగితం మొత్తం తెలుగులో చదివాను, ఒక్క మాట కూడా వదలకుండా. అంతా విని పెన్ను కోసం చెయ్యి చాచాడు.

"రాసిండ్రు గదా, పెడత. లింబాద్రి కాళ్లు పోయినయి. చాబి నా కాడనే ఉండె."

"నిన్ను పంపింది మేనేజర్ గదా గంగన్నా."

"పంపిండు. చాబి ఇచ్చి పోవాల్సుండె నేను. ఎవరికియ్యాలె? ఎవ్వరికియ్యొద్దన్నరు గదా. నువ్వు చెప్పు భాయ్, నువ్వు సేఫ్టోనివి. గదీ నువ్వే చూసి షాబాష్ అంటివి."

అతను నింద వేయలేదు. తెలియక అడిగాడు. అప్పుడు వచ్చింది నాకు కోపం. పదేళ్లు ఎండలో కాలిన మనిషి, చెప్పిన మాట చెప్పినట్టు చేసిన మనిషి, తప్పు తనదే అనుకుంటున్నాడు. తాళం వేయించినవాడు ఏసీలో ఉన్నాడు. టిక్కులు పెట్టిన నేను పెన్ను పట్టుకుని అతని ఎదురుగా ఉన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "సంతకం పెట్టకు. ఎవడడిగినా పెట్టకు. ఖాదర్ భాయ్ వద్దన్నడని చెప్పు," అన్నాను.

మర్నాడు విచారణకు అధికారి వచ్చాడు. నెమ్మదైన మనిషి, హిందీ బాగా వచ్చు. నా వంతు రాగానే ఎర్ర పెన్ను రాత ఉన్న రిక్వెస్టు బల్ల మీద పెట్టి, గంగన్నను పికప్ ఎక్కించింది ఎవరో కూడా చెప్పాను. ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత ఫైలులోంచి తొమ్మిది చెక్‌లిస్టులు తీసి దాని పక్కన పరిచాడు.

"ఇందులో ఈ తలుపుకు తాళం వేస్తే ప్రమాదమని రాశావు. ఈ తొమ్మిదింటిలో తలుపు బాగుందని రాశావు. ఏది నిజం?"

"రెండూ నా రాతే సార్."

"నేను అడిగింది రాత గురించి కాదు."

"మొదటిది నిజం," అన్నాను. ఆయన తల ఊపి ఆ తొమ్మిదింటినీ మళ్లీ ఫైలులో పెట్టుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

గంగన్న మీద కేసు పడలేదు. కానీ ఆ నెలలోనే కంపెనీ అతన్ని క్యాన్సిల్ చేసి పంపింది, మోకాలు పనికి రాదని కారణం రాసి. లింబాద్రి చక్రాల కుర్చీలో విమానం ఎక్కాడు. మళ్లీ షట్టరింగ్ పని చేయలేదు. మేనేజర్‌ను ఇంకో క్యాంపుకు మార్చారు, అక్కడ కూడా మేనేజరుగానే. ఇక పానిక్ బార్లు? వారం తిరగకుండా వచ్చాయి. ఒక మనిషి ఒక పూటలో మూడు తలుపులకూ బిగించి పోయాడు. ఒక పూట పని. దాని కోసమే నేను బతిమాలింది, దానికే ఎర్ర పెన్ను. ఏడాదిలో ఖలాస్ అన్న ఆ టెంపరరీ క్యాంపు ఆ తర్వాత ఆరేళ్లు నడిచింది.

బస్సు ఎక్కే రోజు గంగన్న నన్ను పక్కకు పిలిచాడు. "నా పేరు మీద ఏం రాసిండ్రు భాయ్? దొంగనని గిట్ల రాయలేదు గదా?"

"లేదు గంగన్నా. మోకాలు బాగ లేదని రాసిండ్రు."

"గదైతే నిజమే," అని ఎక్కి కూర్చున్నాడు.

తర్వాత ఖతార్‌లోనే లుసైల్‌లో, ఇంకా చాలా చోట్ల పనిచేశాను. దొంగల గురించో మంటల గురించో అవగాహన తరగతి పెట్టమంటే స్లైడ్లు ముట్టను. అందరినీ లేపి ఎగ్జిట్ దగ్గరికి నడిపిస్తాను. కొత్తవాడి చేత తలుపు తోయిస్తాను. తెరుచుకుంటేనే తరగతి. చెక్‌లిస్ట్ కింద నా చేత్తో ఒక గడి గీస్తాను, లోపలి నుంచి తోసి చూశావా అని. ఆ గడి ఫారంలో లేదని కొందరు మేనేజర్లు గునిశారు. గొణుక్కోనివ్వండి. దొంగకు భయపడి మనం వేసే తాళం ముందు మన మనుషుల మీదే పడుతుందేమో చూసుకోవాలి. అది నేర్చుకోవడానికి నాకు లింబాద్రి కాళ్లు ఖర్చయ్యాయి. నేను చదివిన కోర్సులో ఆ మాట మొదటి పేజీలోనే ఉంది.

ఆ మధ్య గంగన్నకు ఫోన్ చేశాను. వాళ్ల మండలంలో ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. మాటల్లో ఉండబట్టలేక అడిగాను, హాలుకు వెనక తలుపు ఉందా, తాళం వేస్తావా అని.

"ఉన్నది భాయ్. సేటు పెద్ద తాళం తెచ్చిచ్చిండు, దొంగలొస్తరని."

"వేసినవా?"

"ఎయ్యలే. పెండ్లి అయ్యేదాక ఆ తలుపు కాడ కుర్సేసుకొని నేనే కూసుంట."